అమ్మ పుట్ట, నా నలికళ్ల పాము

ఆ రోజుల్లో ధైర్యమనేది నేను ఇతరుల్లో చూసి మెచ్చుకునే గుణమే తప్ప, నా దగ్గర ఉంచుకున్నది కాదు. కుక్కర్ మూడో విజిల్ వేస్తుంటే పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని. పెరట్లో పిల్లి కనిపిస్తే మళ్ళీ వంటింట్లోకి వచ్చేదాన్ని. గోడమీద బల్లి ఉన్న గదిలో అన్నం తినేదాన్ని కాదు. అలాంటి నేను ఎమ్మెస్సీ జువాలజీ ఎందుకు చేరానంటే, డాక్టరీ సీటు రాలేదు, బాటనీలో సీట్లు అయిపోయాయి, ఇంట్లో కూర్చుంటే మా అమ్మ వడియాలు పెట్టిస్తుంది. ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడి, రాయ్‌పూర్ తనను తాను రాజధాని అని పిలుచుకోవడానికి ఇంకా మొహమాటపడుతున్న సంవత్సరాలవి. నాన్న రైల్వేలో ఫిట్టరు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి పదకొండేళ్ళుగా రైల్వే కాలనీలో, పెరడున్న క్వార్టర్‌లో ఉంటున్నాం. ఆ మార్చిలో నాన్న రిటైరవుతారు, క్వార్టర్ ఖాళీ చేయాలి, ఆలోగా నా చదువు ముగియాలి. ఇది మా ఇంట్లో రోజుకు రెండుసార్లు, కాఫీతో ఒకసారి, చపాతీలతో ఒకసారి వినబడే మాట.

మాకు ప్రాజెక్టులు పంచినాయన్ని అందరూ గంబూట్ సార్ అనేవాళ్ళు. క్లాసురూములో కూడా ఆయన రబ్బరు బూట్లతోనే ఉండేవారు (ఏ నిమిషంలో చిత్తడి నేల ఎదురవుతుందో తెలియదని ఆయన వాదన). ఒక గాజు బీకరులో చీటీలు వేసి తీయమన్నారు. ఒక్కొక్కరు ఒక్కో జీవిని అరవై రోజులపాటు రోజూ గమనించి, అది ఎప్పుడు లేస్తుంది, ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది అన్నీ రికార్డులో రాయాలి. ఒకే జీవి, ఒకే చోటు. మధ్యలో అది చచ్చినా, మాయమైనా మళ్ళీ మొదటినుంచి, అదీ వచ్చే ఏడాది. నా పక్కనమ్మాయికి కాకి వచ్చింది. ముందు బెంచీ కుర్రాడికి చీమలు వచ్చాయి. నా చీటీలో హిందీలో ‘బమ్హనీ’ అని ఉంది. కాకితో మార్చుకుంటావా అని పక్కనమ్మాయిని అడిగాను. ఆ అమ్మాయి చీటీని జాగ్రత్తగా మడిచి జామెట్రీ బాక్సులో పెట్టి మూత వేసింది.

బమ్హనీ అంటే మన నలికళ్ల పాము. పేరులో పాము ఉందిగాని అది పాము కాదు. జానెడు పొడవు, నాలుగు పొట్టి కాళ్ళు, ఒళ్ళంతా నూనె రాసినట్టు మెరిసే పొలుసులు. రాళ్ళ సందుల్లో, ఆకుల కింద, నేల బొరియల్లో ఉంటుంది. మెల్లగా కదిలేటప్పుడు కాళ్ళు కనిపిస్తాయి కాబట్టి బల్లిలా ఉంటుంది. పరిగెత్తేటప్పుడు కాళ్ళు కనిపించవు, అప్పుడు పామే. అంటే నాలాంటి వాళ్ళకు రెండు భయాలూ ఒకే ప్రాణిలో దొరుకుతాయన్నమాట. దానికి విషం లేదని పుస్తకంలో నాలుగుసార్లు చదివాను. ఐదోసారి చదవబోతుంటే మా ఇంట్లో గిన్నెలు తోమే బాయీ తొంగిచూసి, ‘బమ్హనీ ఆయ్ నోనీ, చాబ్ దిహీ త పానీ ఘలో నఇ మాంగ్‌బే’ అంది. కరిచిందంటే మంచినీళ్ళు అడిగే వ్యవధి కూడా ఉండదట. పుస్తకం మూసేశాను. మా దగ్గర ఇవి లేవని సార్‌కి చెప్పేస్తానని అంటే, బాయీ తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని, ‘లేకేం, మీ అమ్మగారు పాలు పోసే చోటే ఉంది కదా’ అని పెరటి గోడవైపు చూపించింది.

ఇక్కడ మా అమ్మ పుట్ట గురించి చెప్పాలి. మేము రాయ్‌పూర్ వచ్చిన మొదటి ఏడాది నాగుల చవితికి కాలనీ అంతా వెతికినా అమ్మకు పుట్ట కనబడలేదట. ఇక్కడివాళ్ళని అడిగితే, నాగపంచమి శ్రావణంలోనే అయిపోయింది, ఇప్పుడేమిటి మీకు అని నవ్వారట (దీపావళి వెళ్ళిన నాలుగో రోజున పాములకు పాలు పోసేవాళ్ళం వాళ్ళకు మేమే దొరికాం). ఆఖరికి మా పెరటి గోడ మూలలో, ఎప్పుడో కాలువ తవ్వి పోసిన మట్టికుప్పమీద చెదలు మోకాలెత్తు పుట్ట కట్టి ఉండటం, దాని అడుగున ఒక కన్నం ఉండటం అమ్మ చూసింది. పసుపు కుంకుమ పెట్టేసింది. పక్క క్వార్టర్ ఆవిడ వచ్చింది. మరుసటి ఏడాదికి ఆరుగురయ్యారు. నా ఎమ్మెస్సీ నాటికి పదహారు మంది, శ్రీకాకుళం వాళ్ళు, విజయనగరం వాళ్ళు, గుంటూరు వాళ్ళు, ఒక కరీంనగర్ ఆవిడ, అందరూ పండరీ బజారులో కొన్న పట్టుచీరలు కట్టుకుని మా పెరట్లో చేరేవారు. మిగతా సంవత్సరమంతా కూరగాయల బండి దగ్గర హిందీలో తడబడుతూ నెమ్మదిగా ఉండే మా అమ్మ ఆ ఒక్క రోజు గొంతెత్తి మాట్లాడేది.

అలాంటి పుట్టలో నాగరాజు బదులు నా ప్రాజెక్టు కాపురముంటోంది. ఒకవేళ ఇద్దరూ ఉంటున్నారేమోనని మొదట్లో ఆశపడ్డాను (భయపడ్డాను కూడా, ఎందుకంటే ఆ లెక్కన నేను కూర్చోవలసింది పాము పక్కన). వంటింటి కిటికీలోంచి మొదటి వారం గమనించాను. గంబూట్ సార్ రికార్డు తిరగేసి, ‘బేటా, దీనికి కంటిరెప్ప ఉందా?’ అని అడిగారు. కిటికీలోంచి కనబడలేదన్నాను. ‘అయితే రెండు మూరల దూరంలో కూర్చో. ఇక్కడ రాసినవి కిటికీ గురించిన పరిశీలనలు,’ అన్నారు. పాములేమైనా ఉంటాయా సార్ అని అడిగాను. ఇది ఇంత దర్జాగా తిరుగుతోందంటే ఆ కన్నంలో పాము లేదు, ఉంటే ఇదెప్పుడో దాని కడుపులో ఉండేదన్నారు. ఆ మాటతో ఒక భయం పోయి ఇంకోటి పట్టుకుంది. పుట్టలో పాము లేదన్న సంగతి కాలనీ మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. ఇది అమ్మకు తెలిస్తే ఏమవుతుంది? ఆ పదహారు మందికి తెలిస్తే అమ్మ ముఖం ఏమవుతుంది?

బోర్లించిన బకెట్‌మీద కూర్చుని, కాళ్ళు నేలకు తగలకుండా ఇంకో బకెట్‌మీద పెట్టుకుని, చున్నీ చెవుల చుట్టూ బిగించి (చెవిలో దూరుతుందని ఎవరో చెప్పారు) నేను చేసిన పరిశీలనలు ఇప్పటికీ గుర్తే. ఎండ గోడ దాటి పుట్టమీద పడేది ఎనిమిది దాటాక. పడిన పది నిమిషాలకు ముందు ముక్కు, తర్వాత తల, తర్వాత సగం ఒళ్ళు బయటికి వచ్చేవి. ఒంటిని నేలకు పరిచి, కాళ్ళు వెనక్కి జాపి, మా నాన్న నైట్ డ్యూటీ దిగి వచ్చి పడుకున్నట్టే పడుకునేది. ఒళ్ళు కాగాక వేట. నాలుక చాపి గాలిని రుచి చూసేది. ఆకు కింద కీచురాయి కదిలితే చటుక్కున పట్టి, నేలకేసి రెండు దెబ్బలు కొట్టి మింగి, మూతి రాయికి తుడుచుకునేది. మధ్యాహ్నం ఎండ ముదిరితే లోపలికి. సాయంత్రం కాసేపు షికారు. పొద్దు వాలకముందే ఇల్లు చేరేది, ఆ విషయం తెలిస్తే మా అమ్మ కూడా దాన్ని మెచ్చుకునేదే. కంటిరెప్ప ఉంది, కింది నుంచి పైకి మూస్తుంది. అది మూసినప్పుడల్లా నాకు కన్ను కొట్టినట్టుండేది, రికార్డులో మాత్రం అలా రాయలేదు. ఒక రోజు అది సరాసరి నా బకెట్ కిందికి వెళ్ళి బయటికి రాలేదు. నేను నలభై నిమిషాలు బకెట్ మీదే నిలబడి ఉన్నాను. నాన్న వచ్చి చెయ్యి అందిస్తే దిగాను. ‘ఇలాగైతే సింహం గురించి చదివేవాళ్ళు ఎలగ చదువుతారే?’ అన్నారాయన. వాళ్ళకు బకెట్ ఉండదు నాన్నా అన్నాను.

నలభయ్యో రోజు వచ్చింది, మర్నాడు నాగుల చవితి. ఆ సాయంత్రం వంటింట్లో పాల ప్యాకెట్లు చూశాక గానీ నాకు అసలు ప్రమాదం తట్టలేదు. పదహారు మంది, తలో గ్లాసు పాలు, పసుపు నీళ్ళు, కొబ్బరినీళ్ళు, కొందరు కోడిగుడ్డు కూడా వేస్తారు. అంతా ఆ ఒక్క కన్నంలోకి. వానాకాలం అయిపోయాక ఒకసారి బొరియలోకి నీళ్ళు పోతే అది ఊపిరాడక పోతుందని, లేదా చోటు మారుస్తుందని సార్ ముందే హెచ్చరించారు. ఏడాది పోతుంది. మార్చిలో క్వార్టర్ పోతుంది. చదువు పోతుంది. అమ్మకు చెబుదామంటే, ఏమని చెప్పాలి? నీ పుట్టలో పాలు పోయకు, అందులో నాగరాజు లేడు, బల్లి ఉందనా? వంటింటి గడపదాకా వెళ్ళాను. అమ్మ చలిమిడి పిండి జల్లిస్తూ తలెత్తకుండా, ‘రేపు పొద్దుట నువ్వు పుట్టకాడికి ఎల్లకు. ముందల నేనెల్లి బాగుసేసుకోవాల,’ అంది. మంచినీళ్ళు తాగి వెనక్కి వచ్చేశాను.

దాన్ని పట్టుకుని పూజ అయ్యేదాకా దాచడమొక్కటే దారి. అంటే ముట్టుకోవాలి. ఆ ఆలోచన వచ్చిన దగ్గర్నుంచి నా అరచేతులు చెమటలు పట్టడం మొదలై పొద్దుటిదాకా ఆరలేదు. నాన్న డ్యూటీ తోలు గ్లౌజులు రెండూ తొడిగాను. వంటింట్లో ఖాళీగా కనబడిన స్టీలు డబ్బా తీసుకున్నాను. అమ్మ స్నానానికి వెళ్ళిన తర్వాత పుట్ట దగ్గర గొంతుక్కూర్చున్నాను. ఆడవాళ్ళు వచ్చేది తొమ్మిదికి, ఇది బయటికి వచ్చేది ఎనిమిదింబావుకి. నలభై రోజుల చదువు ఇప్పుడు ఉపయోగపడాలి. బాయీ చెప్పిన మంచినీళ్ళ మాట గుర్తొచ్చి, ముందే ఒక గ్లాసు తాగి వచ్చాను. ముక్కు వచ్చింది. తల వచ్చింది. ఒళ్ళంతా వచ్చి ఎండలో పరుచుకుంది. నాకు తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకున్నాను, నాగరాజును తప్ప, ఆయన్ని తలుచుకోవడానికి మొహం చెల్లలేదు. కళ్ళు మూసుకుని రెండు చేతులూ దాని మీద వేశాను.

దొరికింది. గ్లౌజుల మధ్య బలంగా, నీళ్ళ పైపులో ఒత్తిడిలా గింజుకుంటోంది. నేను అరవలేదు, అరవడానికి గాలి లేదు. ఎలాగో డబ్బాలోకి తోసి మూత నొక్కాను. కళ్ళు తెరిచి చూస్తే డబ్బాలో ఉన్నది అంతా కాదు. దాని తోక పుట్ట కన్నం ముందు పడి ఉంది. పడి ఊరుకుంటే బాగుండేది. మెలికలు తిరుగుతోంది, ఎగురుతోంది, అటూ ఇటూ కొట్టుకుంటోంది. నలికళ్ల పాము ఆపదలో తోక వదిలేస్తుందని, శత్రువు ఆ తోకను చూస్తుండగా తాను తప్పించుకుంటుందని పుస్తకంలో చదివాను. చదివిందంతా కళ్ళముందు జరుగుతుంటే నేను కూడా తోకనే చూస్తూ ఉండిపోయాను. అందుకే వెనకాల గాజుల చప్పుడు వినపడలేదు.

‘ఏందమ్మాయ్, పొద్దున్నే ఇక్కడ కూచున్నావు?’ అంది స్పీకరు పిన్ని. గుంటూరావిడ. రహస్యం చెప్పినా మూడు క్వార్టర్లకు వినబడుతుందని ఆ పేరు. దుర్ముహూర్తం ఉందని అందరినీ ముప్పావుగంట ముందే తోలుకొచ్చేసింది. వెనక పదిహేనుమంది పళ్ళేలతో నిలబడ్డారు. అందరికంటే వెనక, తడి జుట్టుతో, పూలపళ్ళెం పట్టుకుని ఆదరాబాదరాగా మా అమ్మ. నేను డబ్బా గుండెకు హత్తుకుని లేచి నిలబడ్డాను. అప్పుడు స్పీకరు పిన్ని చూపు కిందికి పోయింది. కన్నం అంచున, సన్నగా, గోధుమరంగులో మెరుస్తూ మెలికలు తిరుగుతున్నదాన్ని చూసి, జీవితంలో మొదటిసారి ఆవిడ గొంతు తగ్గించింది. ‘అదుగో స్వామి. పిల్లనాగు. తోక చూపిస్తున్నాడు చూడండి,’ అంది. పదిహేనుమందీ ఒక్కసారి నేలమీద మోకాళ్ళూనారు. కరీంనగర్ ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇన్నేళ్ళ తర్వాత దర్శనమిచ్చాడని ఒకరు, నీ మనసు మంచిదమ్మా, అందుకే నీ పెరట్లోకి వచ్చాడని అమ్మతో ఒకరు. గ్లాసుల్లోంచి పాలు ధారలుగా పడ్డాయి. ఆ పాలతో పాటు తోక కూడా ఇంకా కొట్టుకుంటూనే కన్నంలోకి జారిపోయింది. లోపలికెళ్ళాడు, లోపలికెళ్ళాడు అని అందరూ దణ్ణాలు పెట్టారు.

డబ్బా లోపల గోళ్ళు గీకుతున్న చప్పుడు నా పక్కటెముకలకు తెలుస్తోంది. అందరికీ వినబడుతోందనే అనుకున్నాను. స్పీకరు పిన్ని లేచి చేతులు దులుపుకుని, ‘ఇక నైవేద్యం. చలిమిడి డబ్బా ఏదీ? ఆఁ, పిల్ల చేతిలోదేగా. ఇటియ్యమ్మాయ్,’ అని చెయ్యి చాపింది. అప్పుడు గానీ తెలియలేదు, నేను తెచ్చుకున్నది అమ్మ చలిమిడి కోసం తోమి పెట్టుకున్న డబ్బా అని. ఇయ్యి అంటోంది ఆవిడ. నేను వెనక్కి జరుగుతున్నాను. గోడ తగిలింది. ఆవిడ వేళ్ళు మూతమీద పడ్డాయి. రాయ్‌పూర్ ఎండలో నాకు చలేసింది. ఆ మూత తెరుచుకుంటే, తోకలేని నలికళ్ల పాము ఈ పట్టుచీరల మధ్యకు దూకితే, అమ్మ పుట్ట ఇక ఎప్పటికీ పుట్ట కాదు. నా చదువు సంగతి ఆ క్షణంలో గుర్తు కూడా రాలేదు. అమ్మ ముఖమే కనబడింది.

‘అది దాని కాలేజీ డబ్బా. అందులో మందు వాసన, ముట్టుకోకండి,’ అంది అమ్మ, ఏమీ ఎరగనట్టు మా ఇద్దరి మధ్యకు వచ్చి. ‘సలిమిడి ఇదిగో, ఆకులో కట్టీసినాను.’ మందు వాసన అనగానే స్పీకరు పిన్ని చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను గోడ పట్టుకుని ఇంట్లోకి వెళ్ళి మంచంమీద కూర్చున్నాను, డబ్బా వళ్ళోనే ఉంది, కింద పెట్టడానికి భయం.

అందరూ వెళ్ళాక అమ్మ పిలిచింది. పెరట్లోకి వెళ్ళేసరికి పుట్ట ముందు కూర్చుని పూలపళ్ళెం ముందు పెట్టుకుంది. నేను అన్నీ చెప్పేశాను. అది పిల్లనాగు కాదని, తోక అని, కన్నంలో పామే లేదని, నలభై రోజులుగా నాకు తెలుసని. చెబుతూ ఏడ్చేశాను. అమ్మ పళ్ళెంలో పూలు పక్కకు జరిపింది. కింద అరచేతి వెడల్పు పెంకు ముక్క ఉంది.

‘యేటేటా అందరికన్నా ముందలొచ్చి ఈ పెంకు కన్నంలో అడ్డెట్టి, మీద మట్టి కప్పుతాను. పాలు పక్కకి పోతాయి. ఈయేడు నువ్వు కూకున్నావు, కుదర్లేదు,’ అంది.

‘నీకు తెలుసా?’

‘తొలీయేడే సూసినాను. పొద్దుటేల ఎండకి పడుకుంటాదిగా. పాలంటావా, ఎక్కడ పోసినా స్వామికే ముడతాయి. మద్దెలో ఈ పిల్లజీవానికెందుకే తానం?’

మరి అందరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. అమ్మ కాసేపు పుట్టమీద పసుపు సర్దింది. ‘మీ నాన్న డూటీకి ఎలిపోతే ఈ ఊళ్ళో నాతో మాటాడే మనిషి లేదు అప్పుడు. పుట్టుందంటే వొచ్చేరు. లేదంటే ఎవురింట్లో ఆలు బొమ్మకి పాలోసుకుని తలుపేసుకుంటారు,’ అంది. తర్వాత డబ్బా తీసుకుని, ఉత్త చేతులతోనే మూత తీసి, నేలమీద పక్కకు వాల్చింది. అది కాసేపు ఆలోచించి, మొండి తోకతో గోడవార ఇటుకల సందులోకి వెళ్ళిపోయింది. అమ్మ దాన్ని చూసి, ‘పదకొండేళ్ళు సూసుకొచ్చినాను, సదువుకున్న పిల్లవి ఒక్క పూటలో తోక తెంపీసినావు,’ అంది. కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

మూడో రోజు కన్నం ఆరాక అది పాత ఇంటికే తిరిగొచ్చింది. నా ఏడాది నిలబడింది. పైగా తోక మళ్ళీ మొలవడం చూసి గంబూట్ సార్ పొంగిపోయి, ఇదే నీ రికార్డులో అసలైన అధ్యాయం అన్నారు. పరీక్ష రోజున బయటినుంచి వచ్చిన పెద్దాయన ఆ పేజీ దగ్గర ఆగి, ‘తోక శత్రువు దాడిలో పోయిందని రాశావు. శత్రువెవరు? పిల్లా, కాకా?’ అని అడిగారు. సరిగ్గా చూడలేదు సార్, పెద్ద జంతువే అన్నాను. ఆయన నవ్వి మార్కులు వేశారు.

నేనిప్పుడు రాయ్‌పూర్‌లోనే ఒక బడిలో సైన్సు చెబుతున్నాను. బల్లిని చూస్తే ఇప్పటికీ భయమే, పిల్లల ముందు నటించడం మాత్రం నేర్చుకున్నాను. మొన్న బీరువా సర్దుతుంటే ఆ రికార్డు దొరికింది. ఆ రోజు పేజీలో ‘దాడి చేసిన జంతువు పేరు’ అన్న చోట గీత గీసి ఖాళీగా వదిలేశాను. ఇరవై ఏళ్ళనాటి ఆ అమ్మాయి, చెవులకు చున్నీ బిగించుకుని, తోలు గ్లౌజులతో, కళ్ళు మూసుకుని గొంతుక్కూర్చున్నది గుర్తొచ్చి నవ్వొచ్చింది. పెన్ను తీసుకుని ఆ ఖాళీలో నా పేరు రాశాను.